నడుము నొప్పి: పదే పదే వచ్చే సందేహాలు, సూటి జవాబులు

నడుము పట్టేసిందని చెప్పగానే ఇంట్లో ఒకరు కదలకుండా పడుకోమంటారు, ఇంకొకరు బెల్టు కొనమంటారు, మరొకరు ఫలానా ఊళ్ళో పసరు మందు ఇస్తారంటారు. అందుకే ఒకే రకం సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. నొప్పి మొదలైన రోజు నుంచి తిరిగి పనిలోకి దిగేదాకా వచ్చే ప్రశ్నలను దశలవారీగా ఇక్కడ పెట్టాం. దేనికది విడిగా చదువుకోవచ్చు. ఇదంతా పెద్దవాళ్ళ నడుము నొప్పి గురించే. పిల్లలకు వారాల తరబడి నడుము నొప్పి ఉంటే ఇంటి చిట్కాలతో ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

## నొప్పి మొదలైన తొలి రోజులు

బిందె ఎత్తబోతే నడుము పట్టేసింది. నిటారుగా నిలబడలేకపోతున్నాను. ఇప్పుడేం చేయాలి?

ముందు నడుము మీద భారం తగ్గించండి. నేల మీద దుప్పటి పరిచి వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ కుర్చీ మీద పెట్టండి. తుంటి దగ్గరా మోకాళ్ళ దగ్గరా కాళ్ళు లంబకోణంలో మడిచి ఉండాలి. 10–15 నిమిషాలు చాలు. లేచేటప్పుడు తిన్నగా లేవబోతే కండరం మళ్ళీ బిగుస్తుంది. మోకాళ్ళు మడిచి, ఒంటినంతా ఒకేసారి పక్కకు తిప్పి, చేతులు ఆనించి లేవండి. మంచం మీదైతే పక్కకు తిరిగాక కాళ్ళు కిందికి జారుస్తూ మోచేతి బలంతో లేవాలి.

మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి ఇంట్లోనే 3–5 నిమిషాలు నడవండి. వేడినీళ్ళ బ్యాగును తువ్వాల్లో చుట్టి 15–20 నిమిషాలు కాపడం పెట్టుకోవచ్చు. నేరుగా చర్మం మీద పెడితే బొబ్బలెక్కుతుంది, షుగర్ ఉన్నవాళ్ళకు ఆ వేడి తెలియదు కూడా. తుమ్ము, దగ్గు వచ్చేటప్పుడు ఒక చెయ్యి గోడకో తొడకో ఆనించి, నడుము కాస్త వెనక్కి వంచండి. ముందుకు వంగి తుమ్మితే డిస్క్ (రెండు పూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటి బిళ్ళ) మీద ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది.

ఇలా పట్టేసినప్పుడు చాలామంది పూస జారిందేమోనని బెదిరిపోతారు. సాధారణంగా జరిగేది అది కాదు. లోపల ఎక్కడో చిన్న దెబ్బ తగిలితే, దాన్ని కాపాడటానికి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఒళ్ళు ఒక పక్కకు ఒంగిపోయినట్టు కనిపించేది కూడా చాలావరకు అందుకే. ఎక్కువమందికి రెండు వారాల్లో బాగా తేలికపడుతుంది, ఆరు వారాల్లో దాదాపు మామూలవుతుంది.

ఎన్ని రోజులు బెడ్ రెస్ట్ తీసుకోవాలి?

కదలలేనంత నొప్పి ఉంటే ఒకటి, మహా అయితే రెండు రోజులు. అంతకు మించి వద్దు. 2 రోజుల విశ్రాంతినీ 7 రోజుల విశ్రాంతినీ పోల్చిన అధ్యయనం 1986లోనే వచ్చింది. నొప్పి తగ్గడంలో తేడా కనిపించలేదు కానీ, తక్కువ పడుకున్నవాళ్ళు తక్కువ రోజులు పని మానారు. పడుకున్నకొద్దీ వెన్నును నిలబెట్టే కండరాలు బలహీనపడతాయి, కీళ్ళు బిగుస్తాయి, లేస్తే ఏమవుతుందోనన్న భయం పెరుగుతుంది. నొప్పి పూర్తిగా పోయాక కదులుదామని చూసేవాళ్ళకే నెలలు పడుతుంది.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు?

ఇవి ఉంటే అదే రోజు, అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి:

- మూత్రం రాకుండా ఆగిపోవడం, లేదా మల మూత్రాలు తెలియకుండా పోవడం
- తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం
- రెండు కాళ్ళలోనూ బలం తగ్గిపోవడం

వెన్నెముక అడుగున ఉన్న నరాల గుత్తి మొత్తం నలిగిపోతున్నప్పుడు ఇలా జరుగుతుంది. గంటల్లో ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

పాదం పైకి లేవక చెప్పు ఈడ్చుకుపోతున్నా, చెట్టు మీద నుంచో బండి మీద నుంచో పడ్డాక నొప్పి మొదలైనా వాయిదా వేయకండి. గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, ఆస్తమాకో కీళ్ళవాతానికో ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా అంతే. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి కలిసి ఉంటే వెన్నెముక క్షయను (టీబీ) అనుమానించాలి. మన దేశంలో ఇది అరుదేమీ కాదు, దానికి మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. పెద్ద వయసు ఆడవాళ్ళకు బస్సు గుంతలో ఎగిరిపడ్డా చాలు, గుల్లబారిన వెన్నుపూస నలిగిపోవచ్చు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తన్నించుకుంటే తగ్గుతుందంటారు. చేయించుకోవచ్చా?

వద్దు. అకస్మాత్తుగా పట్టిన నడుము చాలామందికి వారం పది రోజుల్లో తనంతట తానే సర్దుకుంటుంది. ఆ మధ్యలో ఎవరు తన్నినా, ఎవరు తొక్కినా పేరు వాళ్ళకే వస్తుంది. చేత్తో సున్నితంగా రాయడం వేరు, దానివల్ల కండరం వదులవుతుంది. తన్నడం, తొక్కించుకోవడం, మెలితిప్పి టక్కుమనిపించడం వేరు. ఎముకలు గుల్లబారిన వాళ్ళకు పూస విరగవచ్చు, డిస్క్ ఇప్పటికే నరాన్ని నొక్కుతుంటే కాలు బలహీనపడవచ్చు.

ఒక సూది వేయించుకుంటే గంటలో తగ్గుతోంది. మాత్రలు, సూదులు ఎన్నాళ్ళు వాడవచ్చు?

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు తొలి రోజుల్లో కదలడానికి వీలు కల్పిస్తాయి, వాటి పని అంతవరకే. డాక్టరు రాసిన మోతాదులో, అన్నం తిన్నాక, వీలైనంత తక్కువ రోజులు వాడాలి. అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు సొంతంగా అసలు వేసుకోకూడదు. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కిడ్నీల మీద మరింత భారం వేస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట, ఇప్పటికే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో, కూలి పని ముగించుకుని రోజూ ఒక నొప్పి మాత్ర వేసుకునే అలవాటు చాలా ప్రమాదం.

షాపులో ఇచ్చే చాలా స్ట్రిప్పుల్లో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసెటమాల్ కూడా కలిసే ఉంటుంది. దాని మీద జ్వరం మాత్ర విడిగా వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. సూది వేయించుకునే ముందు అందులో స్టెరాయిడ్ ఉందా అని అడిగి తెలుసుకోండి. హాయి వెంటనే తెలుస్తుంది కానీ షుగర్ పెరుగుతుంది, పదే పదే వేయించుకుంటే ఎముకలు గుల్లబారతాయి.

నొప్పి పిర్ర నుంచి పిక్క దాకా జివ్వున లాగుతోంది. ఇది సయాటికానా?

మోకాలి కిందికి, కరెంటు షాక్ కొట్టినట్టు దిగుతూ, దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుంటే నరం ఒత్తుకుంటోందని, అంటే సయాటికా అని అనుకోవచ్చు. తొడ వెనక వరకే ఆగిపోయే మొద్దు నొప్పి చాలాసార్లు కండరానిది, కీలుది. డిస్క్ ఎక్కువగా జారేది నడుము అడుగు రెండు చోట్ల, ఎల్4–ఎల్5, ఎల్5–ఎస్1 మధ్య (ఎల్ అంటే నడుము పూస, ఎస్ అంటే దాని కింద ఉండే త్రికాస్థి పూస). పాదం పైభాగం, బొటనవేలు తిమ్మిరెక్కితే సాధారణంగా ఎల్5 నరం. పాదం బయటి అంచు, చిటికెన వేలు అయితే ఎస్1.

బలం చూసుకోవడానికి గోడ పట్టుకుని మడమల మీద పది అడుగులు, తర్వాత మునివేళ్ళ మీద పది అడుగులు వేయండి. ఒక పాదం నిలవలేక జారిపోతుంటే ఒకట్రెండు రోజుల్లోనే ఆర్థోపెడిక్ డాక్టరుకో న్యూరో సర్జనుకో చూపించాలి. బలం బాగుండి నొప్పి ఒక్కటే ఉంటే కంగారు అక్కర్లేదు. ఎక్కువమందికి 6–12 వారాల్లో తగ్గుతుంది. జారిన డిస్క్ ముక్కను శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది, పెద్ద ముక్కలు చాలాసార్లు ఇంకా బాగా కరుగుతాయి.

## స్కానింగులు, ఆపరేషన్ల దశ

ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ (ఉబ్బు), డీజెనరేషన్ (అరుగుదల) అని రాశారు. వెన్నెముక పాడైపోయినట్టేనా?

ఆ కాగితం చూసి మంచం పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే ఈ లెక్క తెలిసి ఉండాలి. నడుము నొప్పి ఏమాత్రం లేని వాళ్ళ స్కాన్లను పరిశీలించిన అధ్యయనాలన్నింటినీ 2015లో ఒకచోట కూర్చి చూశారు. 20 ఏళ్ళ వాళ్ళలో 30 శాతం మందికి, 40 ఏళ్ళ వాళ్ళలో 50 శాతం మందికి, 80 ఏళ్ళ వాళ్ళలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. డిస్క్ అరుగుదల అయితే 20 ఏళ్ళకే 37 శాతం, 80 ఏళ్ళకు 96 శాతం. జుట్టు నెరిసినట్టే డిస్కులూ వయసుతో మారతాయి.

కాబట్టి స్కాన్‌లో కనిపించినది మీ లక్షణాలతో కలవాలి. ఎడమ కాలు లాగుతుంటే ఎడమవైపు, ఆ కాలికి వెళ్ళే నరం దగ్గరే ఒత్తిడి కనిపించాలి. కలవకపోతే ఆ బల్జ్‌కూ మీ నొప్పికీ సంబంధం లేకపోవచ్చు. ‘ఇది నా నొప్పితో సరిపోతోందా?’ అని డాక్టరును నేరుగా అడగండి.

ముందే ఒక ఎంఆర్ఐ తీయించుకుంటే మంచిది కదా?

ప్రమాద లక్షణాలేవీ లేకపోతే మొదటి ఆరు వారాల్లో దానివల్ల వైద్యం మారదు, భయం మాత్రం పెరుగుతుంది. కాల్లో బలం తగ్గుతున్నా, జ్వరం, బరువు తగ్గడం లాంటివి ఉన్నా, ఆపరేషనో వెన్నులో ఇంజెక్షనో ఆలోచిస్తున్నా అప్పుడు తప్పనిసరి.

వయసు 27. పొద్దున్నే లేస్తే ముప్పావుగంట నడుము బిగుసుకుపోయి, తిరిగితే వదులవుతుంది. ఎందుకిలా?

మామూలు నడుము నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది, పనితో పెరుగుతుంది. మీది తలకిందులుగా ఉంది. 45 ఏళ్ళలోపు మొదలై మూడు నెలలకు పైగా ఉండడం, పొద్దున అరగంట మించి బిగువు, రాత్రి రెండో సగంలో నిద్ర చెడగొట్టే నొప్పి, పిరుదుల్లో ఓసారి కుడి ఓసారి ఎడమ నొప్పి, మధ్యలో కన్ను ఎర్రబడి మంట. ఇవి ఉంటే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌ను (వెన్నెముకకు వచ్చే ఒక రకం కీళ్ళవాతం) అనుమానించాలి. ఇది రుమటాలజిస్టు (కీళ్ళవాత నిపుణుడు) చూడాల్సిన జబ్బు. హెచ్‌ఎల్‌ఏ-బి27 రక్తపరీక్ష, వెన్నెముక అడుగు కటి ఎముకలతో కలిసే చోట ఉండే సాక్రోఇలియాక్ కీళ్ళ ఎంఆర్ఐ సాయపడతాయి. పరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఏళ్ళ తరబడి వదిలేస్తే పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. నడుము వంగకపోవడానికి అదే కారణమా?

కావచ్చు. నల్గొండ జిల్లాలో, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో తరాల తరబడి చూసిన సమస్యే ఇది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఏళ్ళ తరబడి అంతకు చాలా ఎక్కువ ఒంట్లోకి వెళ్తే ఎముకలు గట్టిపడి, వెన్నెముక చుట్టూ ఉన్న బంధనాల్లోనూ సున్నం చేరుతుంది. మెడ తిప్పలేకపోవడం, వంగి నేల తాకలేకపోవడం, గొంతుక్కూర్చోలేకపోవడం దీని గుర్తులు. నీళ్ళు కాచడం వల్ల ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. కొవ్వొత్తి ఫిల్టరూ పనిచేయదు. నది నీళ్ళు వచ్చే సరఫరాకు మారడం, లేకపోతే ఆర్‌ఓ వాడడం దారి. వ్యాయామం ఉన్న కదలికను నిలుపుతుంది, అతుక్కున్న దాన్ని విడదీయలేదు.

సిజేరియన్ అప్పుడు నడుములో వేసిన మత్తు సూది వల్లే ఇన్నేళ్ళుగా నొప్పా?

సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి అది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. సాగిపోయి తిరిగి బలం పుంజుకోని పొట్ట కండరాలు, బిడ్డను ఒకే తుంటి మీద ఎత్తుకోవడం, గూనిగా కూర్చుని పాలివ్వడం, నిద్రలేమి ఎక్కువ దోషులు. పాలిచ్చేటప్పుడు వీపు వెనక దిండు, బిడ్డ కింద మరో దిండు పెట్టుకుని, బిడ్డనే రొమ్ము ఎత్తుకు తెచ్చుకోండి.

ఆపరేషన్ ఎవరికి నిజంగా అవసరం?

మల మూత్రాల మీద అదుపు పోతున్నవాళ్ళకు వెంటనే. కాలి బలం రోజురోజుకూ తగ్గుతున్నవాళ్ళకు త్వరగా. మిగతావాళ్ళలో, 6–12 వారాలు సరైన వైద్యం తీసుకున్నా కాలి నొప్పి భరించలేనంతగా ఉంటే ఆలోచించవచ్చు. డిస్క్ ఆపరేషన్ ‘కాలి’ నొప్పిని బాగా, త్వరగా తగ్గిస్తుంది. నడుములో మాత్రమే ఉన్న నొప్పికి అంత ఫలితం ఇవ్వదు. సయాటికాకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళూ, ఆగి చూసినవాళ్ళూ ఏడాది తిరిగేసరికి దాదాపు ఒకేలా ఉన్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇలా అత్యవసరం కానివాళ్ళకు రెండో డాక్టరు సలహా తీసుకునేంత వ్యవధి సాధారణంగా ఉంటుంది.

## వ్యాయామాలు మొదలుపెట్టే దశ

నొప్పి ఉండగానే వ్యాయామం చేయవచ్చా?

చేయాలి, కొలతతో. నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసుకోండి. వ్యాయామం చేస్తుండగా 3–4 దాటకూడదు, మర్నాడు పొద్దుటికి ముందున్న స్థాయికి వచ్చేయాలి. రాకపోతే సంఖ్య సగానికి తగ్గించండి, మానేయకండి. నొప్పి నడుములో కాస్త పెరిగినా, కాల్లో నుంచి పైకి తగ్గుకుంటూ వస్తుంటే మంచి గుర్తు. నడుములో తగ్గి పిక్కలోకి దిగుతుంటే ఆ కదలిక ఆపేయాలి.

జిమ్ లేకుండా ఇంట్లోనే వెన్ను బలపడాలంటే ఏమేం, ఎన్ని, ఎలా చేయాలి?

చాప ఒకటి చాలు. మంచం మీద చేయకండి, నడుము కుంగిపోతుంది.

*మొదటి రెండు వారాలు.* చేతులు, మోకాళ్ళ మీద ఉండి, వీపును పిల్లిలా పైకి గుండ్రంగా, తర్వాత కిందికి పల్లంగా నెమ్మదిగా కదపండి, 6–8 సార్లు. ఇది కీళ్ళు వదులు కావడానికి, చివరిదాకా నొక్కకూడదు. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, మడమలతో నేలను తొక్కుతూ పిరుదులు పైకెత్తండి. 5 సెకన్లు నిలిపి దించాలి, 10 సార్లు. పని పిరుదుల్లో తెలియాలి. తొడ వెనక పట్టేస్తుంటే మడమలను పిరుదులకు ఇంకాస్త దగ్గరికి జరపండి. నడుములో తెలుస్తుంటే మరీ ఎత్తుకు లేపుతున్నారని అర్థం.

*మూడో వారం నుంచి.* కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాలు పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్ మూడు వ్యాయామాలను ముందుకు తెచ్చారు. వెన్నును పెద్దగా వంచకుండా చుట్టూ ఉన్న కండరాలకు పని చెప్పడం వీటి గొప్పతనం.

మొదటిది కర్ల్-అప్. వెల్లకిలా పడుకుని ఒక కాలు చాపి, రెండోది మడవండి. అరచేతులు రెండూ నడుము కింది ఖాళీలో పెట్టండి. తల, భుజాలు నేల మీద నుంచి రెండు మూడు సెంటీమీటర్లే లేపాలి. అందరూ చేసే తప్పు గడ్డాన్ని ఛాతీకి ఆనించి మెడతో లాగడం. మెడ నొప్పి వస్తే ఎత్తు తగ్గించండి.

రెండోది సైడ్ ప్లాంక్. పక్కకు పడుకుని మోచేయి సరిగ్గా భుజం కింద పెట్టి, మోకాళ్ళు మడిచి, తుంటిని పైకెత్తండి. భుజం నుంచి మోకాలి దాకా ఒకే గీతలో ఉండాలి. మోచేయి ముందుకు జరిగితే భారమంతా భుజం మీద పడుతుంది. మోకాళ్ళ మీద తేలికయ్యాకే కాళ్ళు చాపి చేయాలి.

మూడోది బర్డ్ డాగ్. చేతులు, మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యిని ముందుకు, ఎడమ కాలిని వెనక్కి చాచండి. తర్వాత రెండో జత. కాలు నడుము ఎత్తు దాటితే వీపు కుంగుతుంది. నడుము మీద నీళ్ళ గ్లాసు పెట్టినా ఒలకనంత నిలకడగా ఉండాలి.

మూడింటిలోనూ ఒక్కో భంగిమ 8–10 సెకన్లు నిలపండి, ఊపిరి బిగబట్టకండి. మొదటి విడత 6 సార్లు, కాసేపాగి 4 సార్లు, మళ్ళీ 2 సార్లు, రెండు వైపులా. అలసిన వెన్నుతో తప్పుగా చేయకుండా ఉండేందుకే సంఖ్య తగ్గుతూ వస్తుంది. మొత్తం పావుగంట పని.

*ఆరో వారం తర్వాత.* వంగడం మళ్ళీ నేర్చుకోవాలి. ఒక కర్రను వీపు వెనక నిలువుగా పట్టుకోండి. అది తల వెనక, వీపు మధ్య, పిరుదుల మధ్య ఎముకకు, మూడు చోట్లా తగలాలి. మోకాళ్ళు కొద్దిగా వదులు చేసి, పిరుదులను వెనక్కి నెడుతూ ముందుకు వంగండి. కర్ర ఎక్కడైనా విడిపోతే నడుము నుంచి వంగుతున్నారన్నమాట. 10 సార్లు చొప్పున వారం చేశాక, చేతిలో 5 కిలోల బియ్యం సంచీతో చేయండి. వారానికి ఒకట్రెండు కిలోలు పెంచుకుంటూ పోవచ్చు. బరువులెత్తే పని ఉన్నవాళ్ళు దీన్ని దాటవేయకూడదు, ఎందుకంటే ఇక్కడ ఆపేస్తే నొప్పి తగ్గుతుంది కానీ బస్తా ఎత్తే బలం రాదు.

డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు భుజంగాసనం చేయవచ్చా?

కూర్చున్నా వంగినా పెరిగి, నిలబడినా నడిచినా తగ్గే నొప్పికి ఇది చాలాసార్లు పనిచేస్తుంది. బోర్లా పడుకుని ముందు మోచేతుల మీద 1–2 నిమిషాలు ఉండండి. బాగుంటే అరచేతులతో నెడుతూ ఛాతీని పైకెత్తండి. నడుము, పిరుదులు వదులుగా, పొత్తికడుపు నేలకు ఆని ఉండాలి, 10 సార్లు. కాలి నొప్పి నడుము వైపు వెనక్కి వస్తుంటే కొనసాగించండి. కాల్లోకి దిగుతుంటే ఇది మీకు నప్పదు.

సూర్యనమస్కారాలు రోజూ చేసేవాణ్ణి. మానేయాలా?

మొదటి ఆరు వారాలు ముందుకు పూర్తిగా వంగే ఆసనాలు ఆపండి. ఆ తర్వాత మోకాళ్ళు మడుచుకుంటూ, సగం వంగుతూ మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఇంకో ముఖ్య విషయం వేళ. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం 1–2 సెంటీమీటర్లు పొడవు ఎక్కువగా ఉండేది అందుకే. అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి చాలా ఎక్కువ. లేచాక కనీసం అరగంట, వీలైతే గంట తిరిగాకే వంగే ఆసనాలు చేయండి. వాకిలి ఊడ్చడం, బిందెలు ఎత్తడం కూడా ఆ వేళలో తగ్గించగలిగితే మంచిది.

నడక సరిపోదా?

ఒక్కటే సరిపోకపోయినా, అంత మంచి మందు ఇంకొకటి లేదు. నడుము నొప్పి తగ్గినవాళ్ళ మీద ఆస్ట్రేలియాలో చేసి 2024లో ప్రచురించిన పరిశోధనలో, క్రమంగా పెంచుతూ నడిచినవాళ్ళకు మళ్ళీ నొప్పి రావడానికి సగటున 208 రోజులు పట్టింది. నడవనివాళ్ళకు 112 రోజులే. లక్ష్యం వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. 10 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 5 నిమిషాలు పెంచండి. చేతులు ఊపుతూ చురుగ్గా నడవాలి. ఫోను చూస్తూ మెల్లగా నడిస్తే వెన్ను మీద భారం తగ్గదు.

అమ్మకు 68. కొంచెం దూరం నడిస్తే కాళ్ళు బరువెక్కుతాయి, కూర్చోగానే పోతుంది. ఏమిటిది?

వెన్నెముకలో నరాలు వెళ్ళే కాలువ ఇరుకు కావడం వల్ల కావచ్చు. తోపుడు బండి మీద వాలినట్టు ముందుకు వంగి నడిస్తే ఎక్కువ దూరం వెళ్ళగలుగుతున్నారా చూడండి. అలాగైతే అనుమానం బలపడుతుంది. వీళ్ళకు వెనక్కి వంగే వ్యాయామాలు పడవు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళను ఛాతీకి తెచ్చుకోవడం, స్థిరంగా ఉండే సైకిలు తొక్కడం, కాళ్ళు బరువెక్కకముందే కూర్చుంటూ నడవడం నప్పుతాయి. నిలబడి ఆగినా తగ్గిపోతుంటే కాళ్ళ రక్తనాళాల సమస్య కావచ్చు, షుగర్, పొగ అలవాటు ఉన్నవాళ్ళలో ముఖ్యంగా. పాదాల్లో నాడి చూపించాలి.

## పని, కూర్చోవడం, నిద్ర

రోజుకు 9 గంటలు ల్యాప్‌టాప్ ముందే. ఎలా కూర్చుంటే సరైనది?

ఎంత మంచి భంగిమ అయినా గంటల తరబడి అదే ఉంటే నొప్పి వస్తుంది. నిటారుగా బిగబట్టుకుని కూర్చోమనే సలహాతో చాలామంది ఇంకా అలసిపోతున్నారు. 30–40 నిమిషాలకోసారి ఒక నిమిషం లేవడం ఖరీదైన కుర్చీ కంటే మేలు. ఫోన్ కాల్స్ నిలబడి మాట్లాడండి, నీళ్ళ సీసా చిన్నది పెట్టుకోండి, నింపడానికైనా లేస్తారు.

అమరిక విషయానికొస్తే, పాదాలు నేలకు ఆనాలి, ఆనకపోతే కింద పీట వేయండి. పిరుదులు కుర్చీ వెనక్కి తగలాలి, నడుము వంపులో చుట్టిన తువ్వాలు పెట్టాలి. స్క్రీను పై అంచు కళ్ళ ఎత్తులో, చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల మీదికెత్తి, కీబోర్డు, మౌస్ విడిగా కొనుక్కుంటే మెడ నొప్పి కూడా తగ్గుతుంది. మంచం మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని పనిచేయడం అన్నిటికంటే చెడ్డది.

నాట్లు, కలుపు, మిరపకోత సీజన్‌లో నడుము విరిగిపోతుంది. పని మానలేం కదా?

మానలేరు, కానీ వంగి ఉండే సమయాన్ని ముక్కలు చేయవచ్చు. 15–20 నిమిషాలకోసారి నిలబడి, అరచేతులు నడుము మీద పెట్టి 5–6 సార్లు నెమ్మదిగా వెనక్కి వంగండి. కూలీలంతా ఒకేసారి లేచే అలవాటు చేసుకుంటే ఎవరూ వెనకబడరు. అసలు ప్రమాదం వంగి లేచిన వెంటనే బరువెత్తడంలో ఉంది. చాలాసేపు వంగాక వెన్ను బంధనాలు సాగి, కొంతసేపు పట్టు కోల్పోతాయి. నాటు ముగించగానే నారు కట్టలో, కోత కాగానే బస్తాలో ఎత్తకుండా, రెండు మూడు నిమిషాలైనా నిటారుగా నడవండి. వరిలో కలుపు తీసే కోనో వీడర్, విత్తనాలు వేసే డ్రమ్ సీడర్ వాడే వీలుంటే వంగే గంటలు బాగా తగ్గుతాయి. ఇంట్లో కురచ చీపురుకు పొడవు కర్ర కట్టుకున్నా తేడా తెలుస్తుంది.

గ్యాస్ సిలిండరు, బియ్యం బస్తా ఎత్తే సరైన పద్ధతి ఏమిటి?

నిండు సిలిండరు దాదాపు 30 కిలోలు ఉంటుంది. గ్యాసే 14.2 కిలోలు, మిగతాది ఇనుము. ఎత్తకుండా, కొద్దిగా వంచి అడుగు అంచు మీద దొర్లించండి. ఎత్తక తప్పనప్పుడు బరువుకు దగ్గరగా, కాళ్ళు ఎడంగా నిలబడి, పిరుదులు వెనక్కి నెట్టి వంగండి. పట్టుకుని పొట్టకు ఆనించుకున్నాక లేవండి. చేతులు చాచి ఎత్తితే అదే బరువు నడుముకు ఎన్నో రెట్లవుతుంది. తిరగాలంటే పాదాలతో తిరగండి, నడుము మెలితిప్పకండి.

బెల్టు పెట్టుకోవాలా?

నొప్పి తీవ్రంగా ఉన్న కొద్ది రోజులు, ప్రయాణానికో తప్పనిసరి పనికో పెట్టుకుంటే నష్టం లేదు. రోజంతా, నెలల తరబడి వద్దు. దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టి ఉంచే చికిత్స) మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరు మార్గదర్శకాల్లో చెప్పింది. పూస విరిగినప్పుడో, ఆపరేషన్ తర్వాతో డాక్టరు చెప్పిన బెల్టు వేరే సంగతి.

నేల మీద, చెక్క మీద పడుకుంటే మంచిదంటారు?

స్పెయిన్‌లో చేసి 2003లో ప్రచురించిన పరిశోధనలో, బాగా గట్టి పరుపు కంటే ఓ మోస్తరు గట్టిదే మేలని తేలింది. కుంగిపోయిన పాత పరుపు, జారిన నులక మంచం మార్చాలి. పక్కకు పడుకునేవాళ్ళు మోకాళ్ళ మధ్య, వెల్లకిలా పడుకునేవాళ్ళు మోకాళ్ళ కింద దిండు పెట్టుకోండి.

నేల మీద కూర్చుని అన్నం తినడం మానేయాలా?

తొలి వారాల్లో నొప్పి పెరుగుతుంటే మానండి. తగ్గాక పిరుదుల కింద మడిచిన దుప్పటో పీటో వేసుకుని మళ్ళీ మొదలుపెట్టండి. నేల మీద కూర్చుని, చెయ్యి ఆనకుండా లేవగలగడం వృద్ధాప్యంలో చాలా విలువైన శక్తి, దాన్ని భయంతో వదులుకోకూడదు.

## తగ్గిన తర్వాత

తగ్గింది అనుకునేలోపు మళ్ళీ వస్తోంది. ఎందుకు?

ఎక్కువగా జరిగేది ఇదే: నొప్పి పోగానే వ్యాయామం ఆగిపోతుంది. నొప్పి పోవడానికి వారాలు చాలు, కండరం బలపడటానికి మూడు నెలలు కావాలి. నొప్పి లేకపోయినా వారానికి మూడు రోజులు పావుగంట వ్యాయామం, ఐదు రోజులు నడక కొనసాగించండి. పొగ తాగేవాళ్ళు మానాలి, అది డిస్కులకు పోషణ తగ్గిస్తుంది. నిద్ర సరిపోకపోయినా, మనసు దిగులుగా ఉన్నా అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. నొప్పి నిజం కాదని దీనర్థం కాదు. నిద్ర, దిగులు సంగతి కూడా డాక్టరుకు చెప్పుకోవాలి.

మళ్ళీ పట్టేస్తే మొదటి రోజు వ్యాయామాలను సగానికి తగ్గించండి, నడకను 5 నిమిషాల ముక్కలుగా విడగొట్టండి, వేడి కాపడం పెట్టుకోండి. మూడో రోజు నుంచి కొద్దికొద్దిగా పెంచండి. రెండు వారాలు దాటినా తగ్గుముఖం పట్టకపోయినా, ఈసారి తీరు వేరుగా అనిపించినా, కాల్లోకి దిగినా ఫిజియోథెరపిస్టుకో డాక్టరుకో మళ్ళీ చూపించుకోండి.